కవియు భావకుఁడును: పత్రికలకుఁ బంపఁబడు రచనలఁ గూర్చిన విమర్శనము

కావ్యము రచియించుట యొక కార్యము. రచియించినదానిఁ బరుల కన్నులయెదుటఁ బెట్టుట మఱియొక కార్యము. మొదటిదానికిఁ బ్రతిభావ్యుత్పత్త్యభ్యాసములు హేతువులని యాలంకారికులు విస్తరించి చెప్పియున్నారు. రెండవదానిఁ గూర్చి నోరు విప్పినవా రల్పులు. అయినను గృతి లోకమున నిలుచుటకు రెండవదియే ద్వారము. పూర్వము రాజసభ యా ద్వారమై యుండెను. ఇప్పుడు పత్రిక యా స్థానమున నున్నది. అందును వేలకొలఁది ప్రతులు చెల్లు పెద్దపత్రికలకంటెఁ, బదిమంది మిత్రులు చందాలు వేసికొని నడపు చిన్న సాహిత్యపత్రికయే క్రొత్తకవికి మొదటి వాకిలి. ఆ వాకిట నతఁ డెట్లు నిలువవలయును, లోపలివాఁడు తలుపెట్లు తీయవలయును లేక వేయవలయును అనునది విచారింపఁదగిన విషయము.

ఈ విషయమై వినవచ్చు మాటలు తఱచుగా నిందలు. సంపాదకులు చదువకయే త్రోసివేయుదురని రచయితలును, రచయితలు పత్రిక నొక్కమాఱైనఁ దెఱచి చూడకయే రచనలు పంపుదురని సంపాదకులును జెప్పుదురు. రెండును నిజములే. చదువని సంపాదకునకుఁ జదువని రచయిత తగినవాఁడే కదా యని యూరకుండవచ్చును. కాని యిరువురి నడుమ నలిగిపోవునది సాహిత్యము. కాఁబట్టి నిందల నటుండనిచ్చి, శాస్త్ర మేమి చెప్పినదో చూడవలసియున్నది.

క్రీ. శ. 900 ప్రాంతమునఁ గన్యాకుబ్జమునఁ బ్రతీహారరాజగు మహేంద్రపాలు నాశ్రయించి యుండిన రాజశేఖరుఁడు తన కావ్యమీమాంసలో నీ రెండవ కార్యమును గూర్చి సాదరముగా వ్రాసెను. ఆ గ్రంథము 1916వ సంవత్సరమున బరోడాలో గాయకవాడ ప్రాచ్యగ్రంథమాలకుఁ బ్రథమసంఖ్యగా వెలువడినది. అందలి పదియవ యధ్యాయమునఁ గవిచర్యయు రాజచర్యయుఁ జెప్పఁబడినవి. రాజు కవిసమాజము నేర్పఱచి కావ్యములఁ బరీక్షింపవలయుననియు, మహానగరములందు బ్రహ్మసభలు చేయింపవలయుననియు, నందుఁ దేఱినవారిని బ్రహ్మరథ మెక్కించి పట్టము గట్టవలయుననియు నాతఁడు విధించెను. ఉజ్జయినిలోఁ గావ్యకర్తలకును బాటలీపుత్రమున శాస్త్రకర్తలకును బరీక్షలు జరిగినవని విన్నట్లు చెప్పి, మొదటిదానఁ గాళిదాస భారవ్యాదులను, రెండవదాన వర్షోపవర్షులను బాణిని పింగళ వ్యాడి వరరుచి పతంజలులను బేర్కొనెను. వీరందఱు నేకకాలమువారని గాని, యొక్క సభలో నొక్కనాఁడు కూర్చుండిరని గాని దీనివలన నూహింపరాదు, అది వినికిడి. అయినను నా వినికిడిలో నొక యభిప్రాయము గలదు. పాణినియంతవాఁడును బరీక్షకుఁ గట్టుపడెనని పూర్వులు చెప్పుకొనుట కిష్టపడిరి. పరీక్షింపఁబడుట యవమానమని వారు తలఁపలేదు. నేఁడు పద్యము త్రిప్పి పంపఁబడినంతనే పత్రికకుఁ జందా మానువా రీ సంగతి గమనింపవలయును.

కవి కాతఁడు విధించిన నియమములలోఁ గొన్ని పత్రికాకార్యాలయపు గోడమీఁద వ్రాసి పెట్టఁదగినవి. సగము చేసిన కావ్యము నొరులకుఁ జదివి వినిపింపరాదు. వినిపించినచో నది సగమై నిలిచిపోవుటయే ఫలము. క్రొత్తకృతి నొంటివానియెదుటఁ జదువరాదు. వాఁ డది తనదియే యనినచో సాక్షి యెవ్వఁడు? ముగిసిన ప్రబంధమునకుఁ బెక్కు ప్రతులుండవలయును. ఏలయన నిల్లడ పెట్టుట, విక్రయించుట, దానమిచ్చుట, దేశము విడుచుట, ఆయువు తఱుగుట, నిప్పు, నీరు మొదలగునవి ప్రబంధమును నశింపఁజేయును. వెయ్యేండ్లక్రిందటి యీ మాటలలో నేఁటికిఁ జెల్లని దొక్కటియు లేదు. పత్రికకుఁ బంపిన రచన యొకవిధమైన యిల్లడయే. తనయొద్దఁ బ్రతి యుంచుకొనక యొకే కాగితమును టపాలోఁ బంపి, యది పోయినదని సంపాదకుని దూషించిన కవులు తెలుఁగునాటఁ దక్కువవారు కారు. ఇప్పటి విద్యుల్లేఖల కాలమునఁ బ్రతి తనంతటఁ దానే నిలిచియుండును గాన నా భయము తీఱినది. కాని మొదటి భయము పెరిగినది. సాయంకాలము మొలిచిన పద్యము రాత్రికే సంపాదకుని చేరుచున్నది. పూర్వము పద్యమును శుద్ధప్రతిగా వ్రాయుట, కవరు కొనుట, టపాకచేరికి నడచుట యను మూఁడు పనుల నడుమఁ గవి పద్యమును మూఁడుమాఱులు మనసునఁ జదువుకొనెడివాఁడు. ఒక్కొక్కప్పుడు టపాపెట్టెవఱకుఁ బోయి మరలి వచ్చెడివాఁడు. ఆ మరలి వచ్చుటలోఁ గొంత సాహిత్యశిక్ష యుండెను.

సాక్షిని గూర్చి రాజశేఖరుఁ డడిగిన ప్రశ్నకుఁ బత్రికయే యుత్తరము. మాసమును సంవత్సరమును వేసి యచ్చొత్తిన సంచికకంటె బలవత్తరమైన సాక్షి లేఁడు. కావ్యమీమాంసలో మూఁడధ్యాయములు హరణమునకే, అనఁగాఁ బరుల శబ్దార్థములఁ గొనుటకే వినియోగింపఁబడినవనుటచేత నాఁటి కవుల కా భయ మెంతటిదో తెలియును. చిన్నపత్రిక కవికిఁ బారితోషిక మీయలేకపోవచ్చును, రెండు సంచికలు మాత్రమే యిచ్చి చేతులు జోడింపవచ్చును; కాని యీ పద్య మీ నెలలో నీతనిచే లోకమునకుఁ జెప్పఁబడినదని పలుకు సాక్ష్యము నిచ్చుచున్నది. దాని విలువ కవులు తగినంత యెఱిఁగినట్లు కానరాదు.

ఇఁక భావకుఁడు. వామనుఁడు కవులను అరోచకులు, సతృణాభ్యవహారులు అని రెండు తెగలుగా విభజించెను. (కాశికాకారులలో నొకఁడగు వామనుఁ డితఁడు కాఁడు, ఆతఁడు శతాబ్దమునకుఁ బైగా బ్రాచీనుఁడు.) అరోచకులనఁగా రుచి లేనివారు కారు, రుచి మిక్కుటమగుటచే నెల్లదియు రుచింపనివారు. రెండవవారు గడ్డితోఁగూడ నన్నము మ్రింగువారు. మొదటివారు వివేకులు గానఁ జెప్పినచో నేర్తురనియు, రెండవవారికిఁ జెప్పి ఫలము లేదనియు, జిల్లగింజ కలఁకనీటిని దేర్చును గాని బురదనే తేర్పజాలదనియు నాతని తీర్పు. రాజశేఖరుఁ డీ విభాగమును భావకులయందుఁ జూపి, మత్సరియుఁ దత్త్వాభినివేశియు నని మఱి యిద్దఱఁ జేర్చెను. సంపాదకు లీ నలువురిలో నెవ్వరో యొకరు కాక తప్పదు.

అరోచకిసంపాదకుని పత్రిక పలుచగా నుండును. తఱచుగా నాలస్యముగా వచ్చును. చివర కాతని రచనలే యందు మిగులును. అరోచకిత్వమును రాజశేఖరుఁడు నైసర్గికమనియు జ్ఞానజన్యమనియు విడఁదీసెను. నైసర్గికమైనది సీసమునందలి నలుపువలె నెన్ని సంస్కారములకును బోదు. జ్ఞానజన్యమైనది మాత్రము నిజముగా విశిష్టమైన రచన కనఁబడినప్పుడు కరఁగును. రచయిత మొదటివానికిఁ బంపుట వ్యర్థము. రెండవవానికిఁ బంపి యోపిక పట్టుట మేలు. ఈ యిరువురు నొక్కవిధముగనే త్రిప్పి పంపుదురు గాన భేద మెట్లు తెలియునని యడుగవచ్చును. వారు ప్రకటించిన సంచికలఁ జదివినచోఁ దెలియును. ఒక్కటియైన వారి మనసు కరఁగించిన రచన యందుఁ గనఁబడకున్న నది సీసమే.

మత్సరిని గూర్చి యెక్కువ చెప్పనక్కఱలేదు. వాఁడు గుణమును జూచును, చూచి చెప్పఁడు. తత్త్వాభినివేశి వేయింట నొక్కఁడు. కాని సతృణాభ్యవహారిని గూర్చి యలంకారికుల తీర్పు సర్వత్ర చెల్లునా యనునది సందేహాస్పదము. దీనికిఁ దెలుఁగు వాఙ్మయముననే యొక గొప్ప యుదాహరణము గలదు.

1926వ సంవత్సరమున హైదరాబాదునందు సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండపత్రిక వెలువడెను. అది వారమునకు రెండుమాఱులు వచ్చు చిన్నపత్రిక. ఉర్దూ రాజభాషయై, తెలుఁగుచదువులకుఁ జోటు మిక్కిలి కొఱఁతవడిన నిజామురాజ్యములో నది తెలుఁగునకు నిలిచిన యొక గొంతు. నిజామురాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరు, వారి సంఖ్య పూజ్యము అను నభిప్రాయ మొకటి యా దినములలో వెలువడఁగా, ప్రతాపరెడ్డిగారు దానికిఁ గోపముతో వ్యాసము వ్రాసి యూరకుండవచ్చును. అట్లు చేయక, కవులారా, మీ పద్యములు పంపుఁడని పిలిచిరి. పల్లెలనుండియుఁ బట్టణములనుండియుఁ బద్యములు వచ్చినవి. 1934వ సంవత్సరమున గోలకొండ కవుల సంచిక యను పేర నవి గ్రంథమై వెలువడెను. అందుఁ జోటు గన్న కవులు 354 మంది.

ఈ సంచికను బ్రహ్మసభా తులలోఁ దూఁచువారికి దోషములు దొరకకపోవు. ఇన్ని వందలమంది రచనలఁ జేర్చినచోట నెత్తుపల్లములు తప్పవు. ప్రౌఢిగల సీసముప్రక్కన బాలభాషితమువంటి కందము నుండును. అరోచకియైన పండితుఁడు దీనిని జూచి సంపాదకుఁడు గడ్డితోఁగూడ మ్రింగెననఁగలఁడు. కాని యట్లనుట ప్రశ్న నెఱుఁగకయే యుత్తరమును దిద్దుట. ఉజ్జయినీ సభలో నడిగిన ప్రశ్న, ఈ కావ్యము మంచిదా యనునది. ప్రతాపరెడ్డిగారి ముందున్న ప్రశ్న, ఈ నేలను గవులున్నారా యనునది. మొదటి ప్రశ్నకు నేరి కూర్చుట యుత్తరము. రెండవ ప్రశ్నకు లెక్కించి చూపుటయే యుత్తరము. లెక్కించువాఁ డొకనిఁ బక్షపాతముచే విడిచినను లెక్క తప్పును. ఇందు సతృణాభ్యవహారము దోషము కాదు సరికదా ధర్మమే యైనది. వ్యాకరణమునఁ బ్రతిపదపాఠమువంటి దిది. సూత్రము చేయఁబూనినవాఁడు దాని దీర్ఘతను నవ్వవచ్చును, కాని పదములే లేవని వాదించువాని నోరు మూయించుటకుఁ బదములఁ జదివి వినిపించుటకంటె వేఱు సాధనము లేదు.

మఱియొక సంగతి. తాటాకుకట్టలోనో లెక్కల పుస్తకపు వెనుకపుటలోనో మడిఁగియుండిన పద్య మొక పల్లెటూరి కవిచేత శుద్ధప్రతిగా వ్రాయఁబడి హైదరాబాదు చేరుట చిన్న కార్యము కాదు. అట్లు పంపినవారిలోఁ బెక్కుఱకు గ్రంథములచ్చు వేయించు శక్తి లేదు, వేయించు తలఁపును గలిగియుండదు. ఆ నాఁడు టపాకు దిగిన నాలుగు పద్యములే వారిపేరును సాహిత్యచరిత్రలో నిలిపినవి. తెలంగాణపుఁ గవిత్వచరిత్ర వ్రాయఁబూనినవారి కా సంచిక నేఁటికిని బ్రథమాధారము. ఆంధ్రుల సాంఘిక చరిత్రకై 1955వ సంవత్సరమునఁ గేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ప్రతాపరెడ్డిగారి పేరఁ బ్రకటింపఁబడెను. అప్పటి కాయన కీర్తిశేషులు. ఆ గ్రంథము గొప్పదే. అయినను మిగిలినవారు వ్రాసినదానిఁ బోగుచేసిన సంచిక తక్కువ పాండిత్యము గలదని యెంచుట యన్యాయము.

అయితే యీ యుదాహరణమును జూపి ప్రతిసంపాదకుఁడును వచ్చినదెల్ల నచ్చు వేయవచ్చునా? వేయరాదు. గోలకొండసంచిక నియమము గోలకొండసంచిక ప్రశ్నకే చెల్లును. ప్రశ్న లేక నియమము మాత్రము నెరవు తెచ్చుకొన్న పత్రికలు పెక్కులు గలవు. ఉగాదికిఁ బద్యము, దీపావళికిఁ గథ, చందాదారుఁడు గాన నొకటి, సంపాదకుని శిష్యుఁడు గాన మఱియొకటి అని నింపిన సంచికలలో నెవ్వరి యునికియు రుజువగుట లేదు. పుటలు మాత్రము నిండుచున్నవి.

రచన నంగీకరించిన పిమ్మట నింకొక చిక్కు గలదు. అది త్రోసివేయుటకంటెను సున్నితమైనది. సంపాదకుఁడు కవి వ్రాఁతను దిద్దవచ్చునా?

వ్రాఁతతప్పు, అచ్చుతప్పు దిద్దుటకు నెవ్వరి యనుజ్ఞయు నక్కఱలేదు. అరసున్న, శకటరేఫము కవి ప్రమాదమున విడిచినచోఁ జేర్చుట పూర్వపుఁ బత్రికలలో సామాన్యమైన పని. కావలయుననియే విడిచినవానికిఁ జేర్చుట మాత్ర మతని మతమును మార్చుట. శబ్దమును మార్చునెడ మఱింత జాగరూకత వలయును. ఒక కథలోఁ దల్లి గడపయొద్దనుండి బిడ్డతో ‘మీ యన్న వచ్చినాఁడు’ అనెననుకొనుఁడు. సంపాదకుఁడు లక్షణజ్ఞుఁడై దానిని ‘మీ యన్న వచ్చెను’ అని మార్చెను. రూపము సాధువే. కాని మొదటి మాటలో నన్న వచ్చి యింకను నింటనే యున్నాఁడను నర్థము తోఁచుచున్నది. రెండవదానిలో నెప్పుడో వచ్చిన సంగతి చెప్పఁబడుచున్నది, ఇప్పు డున్నాఁడో లేఁడో తెలియదు. బిడ్డ లోపలికిఁ బరుగెత్తుటకు మొదటి మాటయే కారణము. ఒక్క క్రియారూపము దిద్దఁగాఁ గథలోఁ బరుగు నిలిచిపోయినది. అట్లే పల్లెటూరి కవి ‘ఏఱు’ అని వ్రాసినచోట గౌరవార్థము ‘నది’ అని పెట్టినచో, మోఁకాలిబంటి నీటిలో నడచిపోవలసిన రైతునకుఁ బడవ వెదకవలసి వచ్చును. సాధుశబ్దప్రయోగము వ్యాకరణఫలమే; కాని రెండు సాధుశబ్దములలో నేది యిచ్చటఁ దగునో చెప్పుట వ్యాకరణము పని కాదు, కవి పని.

ఈ విషయమునఁ బాణినీయుల చరిత్రమే మంచి పాఠము. అష్టాధ్యాయిలోఁ జతుర్థాధ్యాయ ద్వితీయపాదమునందలి రెండవసూత్రము లాక్షారోచనాశబ్దములకు, వానిచే రంగు వేయఁబడిన దను నర్థమున ఠక్ప్రత్యయమును విధించుచున్నది. శకల కర్దమ శబ్దములకును నా ప్రత్యయము రావలయునని కాత్యాయనుఁడు గుర్తించెను. గుర్తించి సూత్రమును దాఁకలేదు. వేఱుగా వార్తికము చెప్పెను. పాణిని చెప్పిన దింత, చేర్పవలసిన దింత యని యది స్పష్టముగా నిలిచినది. కాశికలో నా రెండు శబ్దములును సూత్రశరీరముననే చొప్పింపఁబడి కనఁబడుచున్నవి. మహాభాష్యము మనకు దక్కకుండినచో నవి పాణినివే యని నమ్మియుందుము. కాత్యాయనుని శ్రమ పాణినిలో మునిఁగిపోయెడిది, పాణిని కొఱఁతయు మఱుఁగుపడెడిది. చేర్చినవారు ద్రోహము తలఁపలేదు. సూత్రము సంపూర్ణము కావలయుననియే వారి కోరిక. మంచి కోరికచేతనే మూలము చెడుట యెట్లో దీనివలనఁ దెలియును.

తెలుఁగులోఁ జిన్నయసూరి బాలవ్యాకరణము 1858వ సంవత్సరమున వెలువడినది. అందుఁ జెప్పక మిగిలినవి బహుజనపల్లి సీతారామాచార్యులవారు గ్రహించి, సూరి సూత్రములను మార్పక, ప్రౌఢవ్యాకరణమును వేఱుగ రచించి దానికిఁ ద్రిలింగలక్షణశేషమను పేరు పెట్టిరి. శేషమను నా యొక్క మాటలో నెంత మర్యాద యున్నదో సంపాదకులు గ్రహింపవలయును. కవి వ్రాఁతలోఁ గొఱఁత తోఁచినచోఁ బ్రక్కన సీసపుఁగడ్డితో వ్రాసి యాతనికిఁ బంపుట కాత్యాయనుని మార్గము. అడుగకయే మూలమునఁ జొప్పించి యచ్చొత్తుట కాశికామార్గము. మొదటిది కాలవిలంబము కలిగించును, నిజమే. కాని కవి యొప్పుకొన్న దిద్దుబాటు కవిదే యగును. ఒప్పుకొననిది యచ్చుపడినచో నెన్నఁటికి నెవ్వరిదియుఁ గాదు.

కవియు నిందుకుఁ దగినట్లుండవలయును. ప్రతిదిద్దుబాటును ధిక్కారముగా నెంచువాఁ డచ్చాఫీసుకుఁ బోయి సొంతముగాఁ బుస్తకము వేసికొనుట సుఖము. రచనతోఁ బంపు లేఖ మూఁడు పంక్తులు చాలును: పేరు, ఊరు, ఈ రచన యింతకుమున్ను ప్రకటింపఁబడలేదను మాట. పూర్వకవు లవతారికలోఁ గుకవినింద చేసి తమ భయమును దీర్చుకొనిరి. నేఁటివారు లేఖలో నాత్మస్తుతి చేసి తీర్చుకొనుచున్నారు. బిరుదములు, పూర్వసన్మానములు వరుసగా వ్రాసిన లేఖ సంపాదకునకుఁ బద్యముపైఁ బక్షపాతము కలిగింపదు. పద్యము చదువకముందే యలసట కలిగించును.

చిన్నపత్రిక నడపువాఁ డెవ్వఁడో కవి మనసున నుంచుకొనుట మంచిది. ఆతఁ డనేకస్థలములలోఁ దానే సంపాదకుఁడు, తానే లేఖకుఁడు, తానే యచ్చుచిత్తులు దిద్దువాఁడు, తానే సంచికలకుఁ గాగితము చుట్టి టపాకుఁ గొనిపోవువాఁడు. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులవారు 1924లో నారంభించిన భారతివంటి మాసపత్రిక వెనుక నొక సంస్థయు ధనమును గలవు గాన నది 1991వఱకు సాగినది. అట్టి యండ లేని పత్రికల యాయువు తెలిసినదే. కొంపెల్ల జనార్దనరావు నడపిన ఉదయిని యట్టిది. కొన్ని సంచికలతోనే యది యస్తమించినది. 1937వ సంవత్సరమున జనార్దనరావును యౌవనముననే కీర్తిశేషుఁ డయ్యెను. శ్రీశ్రీ తన మహాప్రస్థానమును, 1950లో గ్రంథరూపమునఁ గనఁబడిన దానిని, ఆ మిత్రునకే యంకితము చేసెను. ఆ కవిత్వపుఁ బోకడ యొప్పనివారైనను నీ యంకితమును దలవంచి చదువవలసినదే. పూర్వము కృతిభర్త ధనవంతుఁడు, రాజు, మంత్రి. ఇచ్చటఁ గృతిభర్త యొక నష్టపడిన చిన్నపత్రికాసంపాదకుఁడు. తెలుఁగు కృతిసమర్పణచరిత్రలో నిది గుర్తింపఁదగిన మార్పు.

కృతిని గన్యకగా భావించుట మనవారి సంప్రదాయము. ఒక్క రచననే యేకకాలమున రెండు మూఁడు పత్రికలకుఁ బంపువారి నా సంప్రదాయమును బట్టి చూచినచో, నొకే కన్యకు రెండిండ్లలోఁ దాంబూలములు పుచ్చుకొన్నవా రగుదురు. రెండు పత్రికలును నచ్చు వేసినచోఁ గలుగు నవ్వులపాటు కవిదే. కాని న్యాయ మొక ప్రక్కనే యుండదు. చూపులకు వచ్చి, పిల్ల నచ్చినదనక నచ్చలేదనక, యేఁడాదిపాటు కబురు పంపని పెండ్లివారిని లోకము మెచ్చుకొనునా? రచన చేరినదని చెప్పని, చెప్పినను నిర్ణయము తెలుపని సంపాదకుఁడు కవికి నేకపత్రికావ్రతమును బోధించుట కధికారి కాఁడు. మాసపత్రికకు రెండు నెలలు, త్రైమాసికమునకుఁ దరువాతి సంచిక వెలువడు దినము అవధి యని యెల్లరు నంగీకరించుట యుక్తము. అవధి మీఱిన రచన విడువఁబడినట్లే; కవి దానిని వేఱొకచోటికిఁ బంపవచ్చును, దోషము లేదు.

త్రిప్పి పంపునప్పుడు కారణము చెప్పవలయునా యను విషయమున నభిప్రాయభేదము గలదు. నెలకు వందలు వచ్చుచోటఁ బ్రతిదానికి విమర్శ వ్రాయుట యసాధ్యము. కాని ‘స్థలాభావముచే’ అను మాట మాత్రము విడువఁదగినది. అది తఱచుగా నసత్యము. రాజసభలో నోడిన కవి యే పద్యమున నోడెనో యెఱిఁగి పోయెడివాఁడు. ‘రెండవపద్యమున నన్వయము కుదురలేదు’ అని యొక్క వాక్యము వ్రాసినచో నది యొక విద్యార్థికి సంవత్సరపుఁ జదువుతో సమానము కావచ్చును.

కడపటిది పరిశోధకులకు సంబంధించినది. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు కథ 1910వ సంవత్సరమున ఆంధ్రభారతిలో వెలువడినది. తరువాతి ముద్రణములలో వ్యాప్తిగాంచిన పాఠ మంతట నా మొదటి పాఠము కాదు. పత్రిక సంచిక నిలిచియుండుటచేత నీ భేదము తెలిసినది. ఆ సంచికకును మున్ను కవి స్వహస్తముతో వ్రాసి పంపిన కాగిత మేమైనదని యడిగినచోఁ బెక్కు రచనలవిషయమున సమాధాన మొక్కటే: అచ్చుకూటమున అక్షరములు కూర్చువాని చేతిలో నలిగి చెత్తలోఁ గలసినది. నన్నయ తిక్కనల పాఠములకై తాటాకుప్రతు లెన్నియో కూర్చుకొని యొక్క యక్షరమునకై వాదించు పండితులు, తమ కాలమునఁ దమయెదుటనే జీవించియున్న కవుల మూలప్రతులఁ బాఱవేయించుచున్నారు. ప్రతి చిన్నపత్రికయుఁ దాను బ్రకటించిన రచనల మూలప్రతులను, సీసపుఁగడ్డి గుర్తులతోఁ గూడ, సంచిక సంచికకుఁ గట్టగాఁ గట్టి సమీప గ్రంథాలయమున నుంచుట యెక్కువ వ్యయముతోఁ గూడినది కాదు. విద్యుల్లేఖలుగా వచ్చినవానికిఁ గట్టయు నక్కఱలేదు, చెఱపకుండుట చాలును.